చెవి మేస్త్రి మెచ్చిన ఏసీ

మా ఇంట్లోకి వచ్చిన ఏ కొత్త వస్తువునీ నేను మొదటి నెల నమ్మను. ప్రెషర్ కుక్కర్ కొన్న కొత్తలో మూడో విజిల్ వచ్చేదాకా వంటగది గుమ్మం బయటే నిలబడేదాన్ని. మిక్సీ వచ్చిన రోజు వారంటీ కార్డు మీది నెంబరూ, మిక్సీ అడుగునున్న నెంబరూ ఒకటేనా కాదా అని భూతద్దం పెట్టి చూశాను. "ముందు అనుమానం పుట్టి, తర్వాత నువ్వు పుట్టావే" అంటారు మా ఆయన. అననీండి. ఆ మిక్సీ పదహారేళ్ళుగా తిరుగుతోంది మరి.

మాది మోటార్ రీవైండింగ్ షాపు. ముందు రెండు గదులు షాపు, వెనక రెండు గదులు ఇల్లు. కాలిపోయిన మోటారు వస్తే పాత తీగ పీకేసి, కొత్త రాగి తీగ చుట్టి, వార్నిష్ పోసి, ఓవెన్‌లో ఆరబెట్టి, బేరింగులు మార్చి పంపుతాం. చుట్టడం నా పని. పెళ్ళయిన రెండో నెల నుంచి, ముప్ఫై ఏళ్ళుగా చుడుతూనే ఉన్నాను. వినడం ఆయన పని.

వినడమంటే ఊరికే వినడం కాదు. తిరుగుతున్న మోటారు మీద పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడిని చెవి పక్కనుండే ఎముకకి నొక్కిపెట్టి కళ్ళు మూసుకుంటారు. లోపల ఏం జరుగుతోందో ఆ ఇనప కడ్డీ ఆయనకి చెప్పేస్తుంది. "వెనక బేరింగులో ఒక గోళీ మీద గీత పడింది" అంటారు. విప్పి చూస్తే గీత ఉంటుంది. అందుకే ఈ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. చెవి మేస్త్రి అంటారు. నన్ను చెవి మేస్త్రి భార్య అంటారు. నాకూ ఓ పేరుందన్న సంగతి కరెంటు బిల్లుకి తప్ప ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

ఊరికి నీళ్ళు తోడే పంపుహౌస్ మోటార్లు ఏటా ఎండలు ముదిరే ముందు మా దగ్గరికే వస్తాయి. పంపుహౌస్ ఇంజనీరుగారు మా పని చూడ్డానికి ఏ మీటరూ తేరు. "మేస్త్రీ, విన్నావా?" అంటారు. "విన్నాను సార్" అంటారు ఈయన. అంతే, కాగితం మీద సంతకం పడిపోతుంది. ఆ ఒక్క మాట మీదే మా షాపు నిలబడింది. ఆ మాట ఒక్కసారి తప్పయితే ఊరంతా బిందెలు పట్టుకుని రోడ్డెక్కుతుంది, మా షట్టరు కిందికి దిగిపోతుంది. ఈ ఏడు రెండు మోటార్లు వచ్చాయి. ఫలానా శుక్రవారం వచ్చి వాటిని తీసుకెళ్తామన్నారు.

ఇక ఏసీ సంగతి. మేం తీగ చుట్టే గదికి ఉన్న ఒక్క కిటికీ పడమటి వైపుంది. పైన డాబా, పక్కగదిలో వార్నిష్ ఓవెను. మధ్యాహ్నం మూడు దాటితే నా వేళ్ళు చెమటకి తీగ మీద జారిపోతుంటాయి. అది నేను భరిస్తూనే వచ్చాను. కిందటి వేసవిలో ఈయన ఓవెన్ పక్కన కళ్ళు తిరిగి కూలబడిపోయారు. అప్పుడు నిర్ణయించాను. గోడకి కన్నం పెడితే ఒప్పుకోనని ఇంటి ఓనరు చెప్పేశాడు కాబట్టి రెండు ముక్కల ఏసీ మాట లేదు. కిటికీలో పట్టేదే కావాలి.

ఏసీల షాపులో టై కట్టుకున్న ఒకాయన మాకు ఎదురొచ్చాడు. నవ్వుతూ ఎదురొచ్చిన అమ్మకందారుని చూస్తే నా చేయి దానంతటదే పర్సు మీదికి పోతుంది.

"గది ఎంతమ్మా?"

"పది బై పన్నెండు. టేపు పెట్టి నేనే కొలిచాను."

"ఎండ?"

"పడమటెండ. పైన డాబా."

"అయితే టన్నున్నర తీసుకోండమ్మా. టన్ను చాలదు."

పెద్దది అంటగడుతున్నాడని నాకు వెంటనే తెలిసిపోయింది. కానీ మా ఆయనే వాడి పక్షం చేరారు. "నిజమేనే. చాలని మిషను ఆగకుండా తిరుగుతుంది. ఆగకుండా తిరిగే మోటారు ఎక్కడికొస్తుందో నీకు తెలీదా? మన షాపుకే" అన్నారు. సరేనన్నాను. అయిదు కిటికీ ఏసీలు వరసగా ఆన్ చేసి పెట్టున్నాయి. నేను వాటి మీది నక్షత్రాల స్టిక్కర్లు ఒక్కోటీ గోటితో గీకి చూశాను, కింద ఇంకో స్టిక్కరుందేమోనని. లేదు. ఆయన టార్చి వేసి వెనక గొట్టాలు రాగివేనా అని చూశారు. రాగివే.

అప్పుడు జేబులోంచి స్క్రూడ్రైవరు తీశారు.

షాపు మొత్తం మా చుట్టూ మూగింది. చెవి మేస్త్రి ఏసీ ఎంచుకుంటున్నాడంటే మాటలా! క్యాషు కౌంటర్లో కూర్చున్నాయన కూడా లేచొచ్చాడు. ఈయన ఒక్కో మిషను మీదా మొన ఆనించి, పిడి చెవి పక్కన పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఎదురు గోడ నిండా టీవీలు. అన్నీ ఒకేసారి పాటలు పాడుతున్నాయి. నాకైతే నా మాటే వినబడ్డం లేదు.

"ఇది" అన్నారు నాలుగో దాని దగ్గర. "కంప్రెసర్ ఎంత నెమ్మదిగా నడుస్తోందో. మిగతావన్నీ దగ్గుతున్నాయి. ఇంత నిశ్శబ్దమైన మిషను నేను చూళ్ళేదు."

టై ఆయన మొహం కొంచెం అదోలా అయింది. ఆ క్షణంలో నేను చూశాను. ఏదో అనబోయి మింగేశాడు. "మీరన్నాక తిరుగేముంది మేస్త్రిగారూ" అన్నాడు. నా మనసులో మొదటి ముడి అక్కడ పడింది.

బుధవారం మెకానిక్ వచ్చి బిగించాడు. ఇతను నలభై ఏళ్ళ మనిషి, ఒకప్పుడు మా దగ్గరే పని నేర్చుకున్నాడు, ఇప్పటికీ మా ఆయన్ని గురువుగారూ అనే పిలుస్తాడు. కిటికీ ఊచలు తీసేసి చెక్క చట్రం పెట్టాడు. వెనక భాగం ముందు కంటే అరంగుళం కిందికి ఉండేలా వాలు పెట్టాడు, నీళ్ళు గదిలోకి కాకుండా బయటికి పోవాలట. చుట్టూ సందుల్లో ఫోమ్ కుక్కాడు. నేను కొవ్వొత్తి వెలిగించి ప్రతి సందు దగ్గరా పెట్టి చూశాను, మంట ఊగుతుందేమోనని. ఊగలేదు.

స్విచ్ వేశారు. చల్లటి గాలి మొహానికి తగిలింది. ఆయన స్టూలు మీద కూర్చుని బనీను ముందుకి లాక్కుని గాలి లోపలికి పోనిస్తూ హాయిగా నవ్వారు. ఆ నవ్వు చూసి నాకూ సంతోషం వేసింది. కొంచెంసేపే. ఎందుకంటే అప్పుడే నాకు వినబడింది.

సన్నటి ఈల. దోమ చెవి దగ్గరికొచ్చి, వెళ్ళకుండా అక్కడే నిలబడిపోతే ఎలా ఉంటుందో అలా. పోదు, పెరగదు, తగ్గదు.

"ఏమండీ, ఆ శబ్దమేంటి?"

"ఏ శబ్దం?"

"ఈల వేస్తోంది కదండీ."

ఆయన తల పక్కకి వాల్చి విన్నారు. స్క్రూడ్రైవరు కూడా పెట్టి విన్నారు. "ఏమీ లేదు. తేనెటీగలా పాడుకుంటోంది పాపం" అన్నారు.

మెకానిక్ వైపు తిరిగాను. "నీకు వినబడ్డం లేదా?"

అతను నా మొహం చూడలేదు. సంచీలో స్పానర్లు సర్దుకుంటూ, "గురువుగారు లేదంటే లేనట్టేనమ్మగారూ" అన్నాడు. అది జవాబా? రెండో ముడి పడింది.

నా లెక్క తేలిపోయింది. షాపులో మేం ఎంచుకున్న మిషను వేరు, ఇంటికి పంపింది వేరు. మేస్త్రి మెచ్చినదాన్ని లోపల దాచుకుని, అమ్ముడుపోక మూలనున్న ఈలమారిదాన్ని మాకు అంటగట్టారు. మర్నాడే స్టూలెక్కి మిషను పక్కనున్న నెంబరు కాగితం మీద రాసుకుని షాపుకి వెళ్ళాను.

టై ఆయన పుస్తకం తీసి చూపించాడు. ఆ నెంబరే. దాని పక్కన, ఎంచుకున్న మిషనే ఇంటికి రావాలని మా ఆయన స్వయంగా పెట్టిన సంతకం.

"షాపులో ఆన్ చేసి ఉన్నదాన్నే పంపామమ్మా. పంపే రోజు మేస్త్రిగారే మళ్ళీ వచ్చి, దగ్గరుండి ప్యాక్ చేయించారు."

అంటే మార్చలేదు. పోనీ, మరేంటి? తిరిగొస్తూ గాజు తలుపు మీద చూశాను. పెద్ద అక్షరాలతో కాగితం అంటించారు. 'చెవి మేస్త్రిగారు మెచ్చిన నిశ్శబ్దమైన ఏసీ. ఇక్కడే దొరుకును.'

నాకు ఒళ్ళు మండింది. అప్పుడు అన్నీ ఒక్కొక్కటే కలిసొచ్చాయి. షాపులో ఆ టై ఆయన మింగేసిన మాట. మెకానిక్ నా మొహం చూడకపోవడం. మా ఆయన ప్యాకింగ్ దగ్గరుండడం, నాతో ఆ మాటే చెప్పకపోవడం. ఈయన వీళ్ళతో కుమ్మక్కయ్యారు. ఎందుకో, ఏం ఆశపడో నాకు తెలీదు. కానీ ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మనిషి, ఇంట్లో ఈల వేస్తున్న మిషను పెట్టుకుని వినబడ్డం లేదంటున్నారంటే ఇంకేమనుకోవాలి?

ఒకసారి మొదలైతే అనుమానం నన్ను ఓచోట ఉండనీదు. రెండేళ్ళుగా గమనిస్తూ పక్కన పెట్టినవన్నీ పైకొచ్చాయి. వంటగదిలోంచి పిలిస్తే పలకరు. ముందు గదిలోకి ఎవరో మగమనిషి వచ్చి గొంతెత్తితే మాత్రం చటుక్కున తిరుగుతారు. టేబులు మీద ఫోన్ మోగుతుంటే పట్టనట్టు కూర్చుంటారు. ఎవరి ఫోను ఎత్తడం ఇష్టం లేదో మరి. నేను ఎత్తి హలో అంటే అవతల పంపుల షాపువాళ్ళో, నీళ్ళ క్యానువాళ్ళో. అయినా ఒక్కటైనా వేరే ఉండకపోతుందా అని చూశాను. నా మాటే వినాలని లేదేమో ఈయనకి, విసుగొచ్చేసిందేమో అనుకుని, ఎవరికీ చెప్పుకోలేక బాధపడ్డాను కూడా.

"షాపు తలుపు మీద మీ పేరు పెట్టి బోర్డు వేశారు. తెలుసా?" అని నిలదీశాను.

"ఏ బోర్డు?"

"నటించకండి."

"నాకేం తెలుసే! పోనీ నిజమేగా, మెచ్చాను కదా" అన్నారు నవ్వుతూ. ఆ నవ్వులో దొంగతనం కనబడలేదు. కనబడకుండా నవ్వడం కూడా వచ్చిందా ఈయనకి అనుకున్నాను.

రెండు వారాలకోసారి ఫిల్టరు కడగాలని ఏసీతో వచ్చిన పుస్తకంలో ఉంది. నేను ఆరో రోజే కడిగాను. ముందు జాలీ తీసి, ఫిల్టరు బయటికి లాగి, కుళాయి కింద పెట్టి, నీడలో ఆరబెట్టి పెట్టాను. ఈల పోలేదు. వెనక రేకులు ఎక్కడైనా వంగాయేమోనని టార్చి వేసి చూశాను. లేవు. గాలి మళ్ళించే రెక్కలు అటూ ఇటూ తిప్పాను. చట్రానికీ గోడకీ మధ్య రబ్బరు ముక్కలు దోపాను. శబ్దం ఎప్పుడు మొదలవుతోందో, ఎంతసేపుంటోందో కాగితం మీద రాసుకున్నాను. కంప్రెసర్ ఆగినా ఈల ఆగదు. ఫ్యాను నెమ్మదిగా తిప్పితే ఈల కూడా కొంచెం కిందికి దిగుతుంది. గాలి తోసే ఫ్యాను ఉంది చూడండి, అది కూర్చునే బుష్షు దగ్గరుంది జబ్బు. నాకు అంత స్పష్టంగా తెలిసిపోయింది.

ఎదురింటి టీచరమ్మ ఓ సాయంత్రం వచ్చింది. "మీకేమైనా వినిపిస్తోందా?" అని అడిగాను. ఆవిడ కాసేపు చెవి పెట్టింది. "ఏదో ఉన్నట్టే ఉంది గానీ... మేస్త్రిగారేమన్నారు?" అంది.

"లేదన్నారు."

"అయితే నా భ్రమేలెండి" అని వెళ్ళిపోయింది.

అప్పుడు మొదటిసారి నాకు నా మీదే అనుమానం వచ్చింది. లోకమంతా లేదంటున్న శబ్దం నాకొక్కదానికే వినబడుతోందంటే జబ్బు నా చెవిలో ఉందేమో. ఆవిడ అటు వెళ్ళగానే పెరట్లోకి వెళ్ళి రెండు చెవులూ మూసుకుని నిలబడ్డాను. ఈల లేదు. లోపలికొచ్చాను. ఉంది. నా చెవిది కాదు తప్పు.

ఆ మరుసటి గురువారం నాడు పంపుహౌస్ రెండో మోటారుకి ఆయన కొత్త బేరింగులు దిగ్గొట్టారు. మోటారు ఆన్ చేశారు. స్క్రూడ్రైవరు పెట్టి, కళ్ళు మూసుకుని, ముందూ వెనకా విన్నారు. "వెన్నలా తిరుగుతోంది. రేపు పంపేయొచ్చు" అన్నారు.

నేను అవతలి గదిలో తీగ చుడుతున్నాను. చేయి ఆగిపోయింది. ఆ మోటారులోంచి కూడా సన్నటి ఈల. ఏసీ ఆపి చూశాను. ఏసీది పోయింది, మోటారుది పోలేదు.

"ఏమండీ, ఆ మోటారు వెనక వైపు ఏదో కూస్తోంది."

ఆయన జవాబివ్వలేదు. దగ్గరికెళ్ళి మళ్ళీ చెప్పాను. ఈసారి విసుక్కున్నారు. "ఏసీకి పట్టించిన రోగం దీనికి కూడా అంటించావా? కొత్త బేరింగే అది. నేను విన్నాను."

నేను విన్నాను. ఊరికి నీళ్ళొచ్చేది ఆ రెండు మాటలతోనే. ఏసీ విషయంలో షాపువాడితో కుమ్మక్కయ్యారంటే నమ్మాను. కానీ మోటారు విషయంలో ఈ మనిషి ప్రాణం పోయినా అబద్ధం చెప్పరు. అది నాకు తెలుసు. మరి అబద్ధం కాకపోతే ఏంటి?

చెప్పులు వేసుకుని నేరుగా మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. అతను తన షాపు ముందు ఏదో ఏసీ విప్పుకుని కూర్చునున్నాడు.

"నా మొహం చూసి చెప్పు. మా ఏసీ ఈల వేస్తోందా, లేదా?"

అతను చేతిలోని బ్రష్షు కింద పెట్టాడు.

"వేస్తోందమ్మగారూ. బ్లోయర్ బుష్షు. ఆన్ చేసిన క్షణమే వినబడింది."

"మరి ఆ రోజు చెప్పలేదేం?"

"గురువుగారు లేదన్నారు కదమ్మా. శబ్దం ఎలా వినాలో నాకు నేర్పిందే ఆయన. ఆయనకి వినబడనిది నాకు వినబడిందంటే తప్పు నాదే అనుకున్నాను." మళ్ళీ తనే అన్నాడు, "షాపులో టై ఆయన కూడా అదే అన్నాడు నాతో. కూస్తున్నట్టుంది, కానీ మేస్త్రిగారు మెచ్చారు కదా అని ఊరుకున్నాడట."

ఇంటికి ఎలా నడిచొచ్చానో నాకే తెలీదు. ఇన్నాళ్ళూ ఒకర్ని ఒకరు వెనకేసుకొస్తున్నారనుకున్నాను. ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యలేదు. అందరూ తమ చెవుల్ని తామే నమ్మడం మానేసి ఆయన చెవిని నమ్మారు. ఆయన కూడా దాన్నే నమ్మారు. ముప్ఫై ఏళ్ళు మోటార్ల మధ్య నిలబడి, సుత్తి దెబ్బల మధ్య నిలబడి, ఆ చెవి సన్నటి శబ్దాల్ని ఒక్కొక్కటిగా వదిలేసింది. బొంగురు శబ్దాలన్నీ అందుతున్నాయి కాబట్టి ఏం పోయిందో ఆయనకి తెలియనే లేదు. వంటగదిలోంచి నేను పిలిస్తే పలకనిదీ, ఫోను ఎత్తనిదీ ఇందుకే. ఎంత పాపిష్టి ఆలోచనలు చేశాను నేను!

చెప్పకుండా ఊరుకోవచ్చు. రేపు ఆయన ఇంజనీరుగారితో "విన్నాను సార్" అంటారు. మోటారు వెళ్ళి బావి మీద కూర్చుంటుంది. వారానికో, నెలకో బేరింగు బిగుసుకుపోయి మోటారు కాలిపోతుంది. చెబితే, ఇక్కడే, ఈ గదిలోనే ఆయన పేరు కాలిపోతుంది. పైగా నా మాట నమ్ముతారా? అన్నిటినీ అనుమానించే పెళ్ళాం చెప్పిన మాట ఎవరు నమ్ముతారు? ఇన్నేళ్ళూ ఇష్టమొచ్చినట్టు అనుమానపడ్డందుకు ఆ రోజు మొదటిసారి సిగ్గుపడ్డాను.

ఆయన మోటారు మీద దుమ్ము తుడుస్తున్నారు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"మీతో ఓ మాట చెప్పాలి. నాకు మీ చెవి మీద అనుమానంగా ఉంది."

ఆయన గుడ్డ పక్కన పడేశారు. కోపం కంటే ముందు నవ్వొచ్చింది ఆయనకి. "కుక్కరైంది, మిక్సీ అయింది, ఏసీ అయింది. చివరికి నా చెవి దగ్గరికే వచ్చావా?"

"వచ్చాను. ఒక్క పరీక్ష. ఓడిపోతే జన్మలో ఇంక దేన్నీ అనుమానించను."

"ఆ మాట కోసమైనా పరీక్ష రాస్తాను" అని తీగ చుట్టే గదిలోకి వచ్చారు.

ఏసీ పక్కగా గోడకి ఆనించి స్టూలు వేశాను. గాలి మీద పడకుండా రెక్కలు రెండో వైపుకి తిప్పాను. కళ్ళు మూసుకోమన్నాను. పక్క షాపులో లేత్ మిషను తిరుగుతోంది, రోజూ తిరిగేదే. ముందు మామూలుగా చల్లదనం మీద పెట్టాను. కొంతసేపటికి ధబ్బుమని కంప్రెసర్ అందుకుంది.

"పడింది" అన్నారు వెంటనే. "ఎంత నెమ్మదిగా పాడుతోందో చూడు."

బటన్ తిప్పి ఒట్టి ఫ్యాను మీద, అన్నిటికంటే నెమ్మదిగా పెట్టాను. కంప్రెసర్ ఆగిపోయింది. గది నిండా ఈల మాత్రం మిగిలింది. నాకు పళ్ళు జివ్వుమంటున్నాయి.

"ఆపేశావు" అన్నారాయన, కళ్ళు మూసుకునే.

మనసులో ఒకటి నుంచి ముప్ఫై దాకా లెక్కపెట్టాను.

"ఇప్పుడు?"

"ఆపే ఉంది కదా. ఏంటి పరీక్ష? మొదలుపెట్టు."

నేను ఆయన కుడిచేయి పట్టుకుని లేపాను. కళ్ళు తెరవకండి అన్నాను. ఆ అరచేతిని తీసుకెళ్ళి జాలీ ముందు పెట్టాను.

గాలి తగిలింది. వేళ్ళు ఒక్కసారి ముడుచుకుని, మెల్లగా విచ్చుకున్నాయి. చేయి వెనక్కి తీసి మళ్ళీ పెట్టారు. కళ్ళు తెరిచి ముందు బటన్ వైపు చూశారు, తర్వాత నా వైపు. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోలేను.

"తిరుగుతోందా ఇది?"

"తిరుగుతోందండీ."

"శబ్దం చేస్తూనే ఉందా?"

నేను తలూపాను. ఆయన స్టూలు మీద కూర్చుండిపోయారు. స్క్రూడ్రైవరు ఒళ్ళో ఉంది. ఎవరి వస్తువో అన్నట్టు దాన్ని చూస్తున్నారు. అలా చూస్తూనే అన్నారు, "నువ్వు పిలిచేది కూడా సరిగ్గా అందడం లేదు నాకు కొన్నాళ్ళుగా. వయసొచ్చి నీ గొంతు సన్నబడిందేమో అనుకున్నాను. అరవలేకపోతున్నావేమో పాపం అని, ఏమీ అనలేదు."

నాకు ఏడుపు ఆగలేదు. విసుగొచ్చి పలకడం లేదని నేననుకున్నాను. గొంతు పోయిందని జాలిపడి ఆయన ఊరుకున్నారు. రెండేళ్ళు ఇద్దరం ఒకే ఇంట్లో ఇలా బతికాం.

చీకటి పడకముందే ఆ మోటారు వెనక మూత విప్పారు. బేరింగు బయటికి తీసి, కిరసనాయిల్లో కడిగి, భూతద్దం నాకిచ్చారు. ఒక గోళీ మీద సన్నటి మచ్చ. కొత్త బేరింగే, దిగ్గొట్టేటప్పుడు సుత్తి దెబ్బ పక్కకి పడింది. ఆ దెబ్బ శబ్దంలోని తేడా కూడా ఆయనకి అందలేదన్నమాట. ఇంకో బేరింగు తెచ్చి, ఈసారి నూనెలో వేడిచేసి, సుత్తి ముట్టుకోకుండా చేత్తోనే ఎక్కించారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

శుక్రవారం పదింటికి ఇంజనీరుగారు వచ్చారు. బయట బండి ఆగి ఉంది. రెండు మోటార్లూ తిరుగుతున్నాయి. ఆయన చేతిలో కాగితం, కలం ఎప్పటిలాగే సిద్ధం.

"మేస్త్రీ, విన్నావా?"

నేను మా ఆయన వైపు చూడలేదు. చూస్తే బతిమాలినట్టుంటుందని. విన్నానంటే సరిపోతుంది, మోటార్లు ఇప్పుడు బాగానే ఉన్నాయి. ఎవరికీ ఏమీ తెలియదు.

"వినలేదు సార్" అన్నారాయన. "సన్నటి శబ్దాలు నాకిప్పుడు అందడం లేదు. నిన్ననే తెలిసింది. ఇక మీదట మా ఆవిడ వింటుంది."

స్క్రూడ్రైవరు నా చేతికిచ్చారు. పిడి అంతా ఆయన చెంపకి రాసుకుని రాసుకుని నున్నగా అయిపోయి ఉంది. ఇంజనీరుగారు ఒకసారి ఆయన్నీ, ఒకసారి నన్నూ చూశారు. ఏమనుకున్నారో తెలీదు. మొదటి మోటారు మీద మొన ఆనించి, పిడి చెవి పక్కన నొక్కుకుని కళ్ళు మూసుకున్నాను. ముందూ, వెనకా. బాగుంది. రెండోదాని దగ్గరికి వెళ్ళాను. ముందు బాగుంది. వెనక కూడా బాగానే ఉంది. ఈల లేదు.

కళ్ళు తెరిచాను. ఇంజనీరుగారు కలం కాగితం మీద పెట్టబోతున్నారు.

"ఇంకో పావుగంట తిరగనీండి సార్" అన్నాను. "వేడెక్కాక మళ్ళీ వింటాను. నాకింకా అనుమానంగానే ఉంది."

ఇంజనీరుగారు మా ఆయన వైపు చూశారు, ముప్ఫై ఏళ్ళ అలవాటు కదా.

"నా వైపు చూడకండి సార్. ఆవిడ అనుమానం తీరేదాకా సంతకం పెట్టకండి" అన్నారు మా ఆయన.

ఇంజనీరుగారు కలానికి మూత పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నారు.